నొక్కగానే మోగాలంటే

కంప్యూటర్లో హార్మోనియం వాయించాలంటే ఏమేం కావాలి? ఇవాళైతే జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. ఓ బ్రౌజరు, వైరున్న ఇయర్‌ఫోన్లు, అంతే. హార్మోనియం బొమ్మ వున్న సైటేదో తెరిచి, కీబోర్డు మీద చెయ్యేస్తే సరిగమలు పలుకుతాయి. డ్రైవర్ల గొడవ లేదు, ఇన్‌స్టాలు చెయ్యక్కర్లేదు, లైసెన్సు కీల కోసం వెతుక్కోనక్కర్లేదు. "ఇంతోటి దానికి చరిత్ర కూడానా" అని మీరు అనబోతున్నారని తెలుసు. కానీ ఆ 'అంతే' అనగలగడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. బఫర్లూ థ్రెడ్లూ అంటూ రోజూ తల బాదుకునే జనాలం కదా, మనకి ఈ కథ బాగానే ఎక్కుతుంది.

నాకీ పిచ్చి పట్టుకుంది మా పెదనాన్న వల్ల. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. రామాలయంలో శనివారం భజనకి ముప్పయ్యేళ్ళకు పైగా ఆయనదే హార్మోనియం. వయసులో వున్నప్పుడు పద్యనాటకాలకి కూడా వాయించేవారు. ఆ మధ్య మా అన్నయ్య ఓ ఆర్నెల్లు వుండి వెళ్ళమని ఆయన్ని న్యూజెర్సీ తీసుకెళ్ళాడు. హార్మోనియం పెట్టెని విమానం ఎక్కించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వెళ్ళిన పదో రోజుకే నాకు ఫోను. "ఒరే అబ్బాయ్, కంప్యూటర్లోనే పెట్టె వాయించొచ్చంటగా? మీ అన్నకి తీరిక లేదు. అదెట్టా పెట్టాలో నువ్వు చెప్పు."

చెప్పాను. రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో ఎదురైన ప్రతి చిక్కు వెనకా ఓ పాత కథ వుంది.

అసలు హార్మోనియంలో మెట్టు నొక్కితే గాలి రీడు మీదుగా పోతుంది, రీడు మోగుతుంది. వేలికీ చెవికీ మధ్య ఇంకెవడూ లేడు. కంప్యూటర్లో అలాక్కాదు. మీరు కీ నొక్కారన్న సంగతి ముందు కీబోర్డు కనుక్కోవాలి, అది ఆపరేటింగ్ సిస్టముకి చెప్పాలి, అది ప్రోగ్రాముకి చెప్పాలి, ప్రోగ్రాము శబ్దాన్ని అంకెల్లో లెక్కగట్టి బఫరులో పొయ్యాలి, బఫరు నిండాక సౌండుకార్డుకి పోవాలి, అక్కణ్ణుంచి స్పీకరుకి. ఒక్కొక్కడి దగ్గరా కాసేపు ఆగాలి, అచ్చం మండలాఫీసులో ఫైలు లాగా.

ఎంతసేపు ఆగితే పర్లేదు? గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకి అడుగు పైచిలుకు. గుళ్ళో డోలక్ వాయించే మనిషి పదడుగుల అవతల కూర్చుంటే అతని దెబ్బ మనకి 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. దానివల్ల ఏ భజనా ఆగిపోలేదు. కాబట్టి 10 దాకా మనిషికి పట్టదు. 30 దగ్గరకొచ్చేసరికి వేళ్ళకి బంక అంటుకున్నట్టు వుంటుంది. 100 దాటిందా, ఇక వాయించేవాడికి తన చేతి మీద తనకే నమ్మకం పోతుంది.

ఈ లెక్కని మొదట బాగా పట్టించుకున్నది కంప్యూటర్ల వాళ్ళు కాదు, సింథసైజర్ల వాళ్ళు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో రెండు కంపెనీల వాద్యాల్ని ఒక తీగతో కలిపి చూపించారు. ఒకటి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ళ ప్రాఫెట్-600, రెండోది రోలాండ్ వాళ్ళ జూపిటర్-6. దీని మీద వాయిస్తే అది మోగింది. అదే మిడి. వెనక వున్న మనుషులు డేవ్ స్మిత్, ఇకుతారో కాకెహాషి. ఒకరికొకరు పోటీ కంపెనీల వాళ్ళు, ఒకాయన అమెరికా, ఇంకొకాయన జపాను. ఇద్దరూ కలిసి ఓ ప్రమాణం తయారు చేసి అందరికీ వదిలేశారు. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మన రంగంలో ప్రమాణాల కోసం జరిగే కొట్లాటలు చూసినవాళ్ళకి ఇదెంత గొప్ప పనో వేరే చెప్పక్కర్లేదు.

మిడి తీగలో శబ్దం పోదు. "ఫలానా మెట్టు, ఇంత గట్టిగా నొక్కాడు" అన్న కబురు మాత్రం పోతుంది. వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక బైటుకి ముందూ వెనకా చెరో బిట్టు కలిపి మొత్తం పది. ఒక స్వరం కబురుకి మూడు బైట్లు. లెక్క వేసుకోండి, ఒక మిల్లీసెకను కంటే కాస్త తక్కువ. 1983 నాటి చవక చిప్పులతో మనిషి చెవికి అందని ఆలస్యం సాధించారన్నమాట!

అయితే మిడికి ఒక పుట్టుమచ్చ వుంది. దాన్ని కట్టినవాళ్ళ మనసులో వున్నది పాశ్చాత్య కీబోర్డు. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా మోగడం పియానో పద్ధతి. హార్మోనియంలో గట్టిదనం వేలిలో వుండదు, ఎడమచేత్తో కొట్టే బెల్లోసులో వుంటుంది. 1991లో జనరల్ మిడి పేరుతో 128 వాద్యాల జాబితా ఒకటి ఖాయం చేశారు. అందులో 105వది సితార్, 112వది షెహనాయి. వీణ లేదు. హార్మోనియం కూడా లేదు, దగ్గరి చుట్టం కావాలంటే 21వ నంబరు రీడ్ ఆర్గాన్ వుంది. పాపం హార్మోనియానికి ఈ వెలివేతలు కొత్త కాదు లెండి. పుట్టింది పారిస్‌లో, స్థిరపడింది మన దగ్గర, అయినా 1940లో ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు. గమకం పలకదు, శ్రుతులు మనవి కావు అని అభ్యంతరం. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. రేడియో వద్దన్న పెట్టెనే మన పద్యనాటకాలూ భజన మందిరాలూ నెత్తిన పెట్టుకున్నాయి. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు గానీ, జనం ఏం వాయించుకోవాలో రేడియో చెప్పడమేంటి?

సరే, మన పీసీల సంగతికొద్దాం. ఇక్కడే ఓ విచిత్రం జరిగింది. కంప్యూటర్ల వేగం పెరిగింది, ఆలస్యం కూడా పెరిగింది! 1980ల చివర్లో యాడ్‌లిబ్, సౌండ్ బ్లాస్టర్ కార్డుల్లో శబ్దం పుట్టించే చిప్పు వేరే వుండేది. ప్రోగ్రాము దానికి "మోగు" అంటే అప్పుడే మోగేది. 90ల్లో ప్రాసెసర్లు బలిశాక ఆ చిప్పు దండగ అనుకుని, శబ్దాన్ని సాఫ్టువేరులోనే లెక్కగట్టడం మొదలెట్టారు. అప్పుడొచ్చింది బఫరు. సెకనుకి 44,100 శాంపిళ్ళు కావాలి. 4,096 శాంపిళ్ళ బఫరు పెట్టుకుంటే 93 మిల్లీసెకన్లు. 512 పెట్టుకుంటే 12. 128 అయితే 3. తగ్గించేసుకోవచ్చుగా అంటారేమో, తగ్గిస్తే ప్రాసెసరు సమయానికి నింపలేదు, చిటపటమని పేలాలు వేగినట్టు వినిపిస్తుంది. పాటలు వినేవాడికి పెద్ద బఫరే హాయి. వాయించేవాడికి అది ఉరితాడు. ఆపరేటింగ్ సిస్టములు రాసినవాళ్ళు వినేవాళ్ళ వైపే మొగ్గారు, వాళ్ళే లక్షల మంది కాబట్టి. విండోస్‌తో పాటు వచ్చే జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్‌ని ఎప్పుడైనా మిడి కీబోర్డుతో వాయించి చూశారా? రోలాండ్ నుంచి తెచ్చిన స్వరాలే, కానీ ఆలస్యం వంద మిల్లీసెకన్ల పైమాటే.

దీనికి మందు కనిపెట్టింది జర్మనీలోని స్టైన్‌బెర్గ్ కంపెనీ. 1996లో వీఎస్‌టీ, 1997లో ఏషియో. ఈ రెండోది చేసే పని మన భాషలో చెప్పాలంటే దొడ్డిదారి. విండోస్ మిక్సరుని పక్కకి నెట్టి నేరుగా సౌండుకార్డుతో మాట్లాడుతుంది. 1999లో వీఎస్‌టీ రెండో కూర్పుతో వాద్యాలే ప్లగిన్లయిపోయాయి. అక్కణ్ణుంచి ఓ పదేళ్ళ పాటు, కంప్యూటర్లో వాద్యం వాయించాలంటే ఏషియో డ్రైవరున్న సౌండుకార్డు కొనాలి, లేదా ఏషియో4ఆల్ అనే ఉచిత సరుకు ఎక్కించి బఫరు గీతని అటూ ఇటూ జరుపుతూ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. 2007లో విస్టాతో మైక్రోసాఫ్టే వాసాపీ అని దొడ్డిదారిని రాజమార్గం చేసింది. విస్టాని తిట్టుకోనివాళ్ళు లేరు గానీ, ఈ ఒక్క విషయంలో దానికో నమస్కారం పెట్టాలి. మ్యాకుల వాళ్ళకి కోర్ ఆడియో ముందునుంచే వుంది కాబట్టి వాళ్ళు ఈ కష్టాలు పడలేదు. పడకపోగా మనల్ని చూసి నవ్వారు కూడా :)

ఇహ బ్రౌజరు. దీన్ని ఎవరూ వాద్యం కింద లెక్కెయ్యలేదు. 2008లో ఫ్లాష్ ప్లేయర్ 10 వచ్చాక పేజీలోనే శబ్దాన్ని లెక్కగట్టే వీలు దొరికింది, కానీ కనీసం 2,048 శాంపిళ్ళు ఒకేసారి ఇవ్వాలి. అంటే మొదటి మెట్టులోనే 46 మిల్లీసెకన్లు పాయె. 2011లో రెండు దార్లు పోటీ పడ్డాయి. మొజిల్లా వాళ్ళు మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4లో ఆడియో డేటా ఏపీఐ అని, శాంపిళ్ళన్నీ జావాస్క్రిప్టు చేతికే ఇచ్చేశారు. గూగుల్లో క్రిస్ రోజర్స్ వేరే దారి పట్టాడు. జావాస్క్రిప్టు చెప్పేది చెబుతుంది, శబ్దం పని మాత్రం లోపల వేరే థ్రెడ్డు మీద, సీ ప్లస్ ప్లస్‌లో నడుస్తుంది. అదే వెబ్ ఆడియో. గార్బేజి కలెక్టరు ఏ క్షణాన ఎక్కడ ఆపుతుందో తెలియని భాషకి శాంపిళ్ళు అప్పజెప్పడం ఎంత ప్రమాదమో మనకి తెలుసు కదా. రెండో దారే గెలిచింది. 2011 చివర్లో క్రోమ్ 14తో జనంలోకొచ్చింది, 2013లో మొజిల్లా కూడా ఇటే వచ్చేసింది. 2012 మే 23న గూగుల్ ముంగిట్లో రాబర్ట్ మూగ్ పుట్టినరోజుకి ఆడుకునే సింథసైజరు పెట్టారు, గుర్తుందా? క్రోమ్‌లో అది నడిచింది దీని మీదే. 2015లో క్రోమ్ 43తో వెబ్ మిడి వచ్చింది, యూఎస్‌బీ కీబోర్డు గుచ్చితే పేజీకి నేరుగా కబురు అందేటట్టు. ఇలా బ్రౌజరే వాద్యమైపోయింది. ఇప్పుడు వెబ్ ఆడియో లోపల 128 శాంపిళ్ళ చొప్పున లెక్క కడుతుంది.

మళ్ళీ న్యూజెర్సీ. పెదనాన్న పేజీ తెరిచారు, కీ నొక్కారు, చప్పుడు లేదు. ఇది 2018 నాటి పుణ్యం. అడక్కుండా మోగే ప్రకటనల బాధ పడలేక, మనిషి ఓసారి పేజీని తాకేదాకా శబ్దం రాకూడదని క్రోమ్ వాళ్ళు నియమం పెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్లో పెట్టేసరికి బోలెడన్ని వాద్యాల పేజీలూ ఆటలూ మూగబోయాయి. గోల చేస్తే మేలో వెనక్కి తీసుకుని, డిసెంబరులో మళ్ళీ పెట్టారు. "మౌసుతో ఓసారి పేజీ మీద నొక్కండి పెదనాన్నా" అన్నాను. మోగింది. ఒకటిన్నర శ్రుతి కావాలన్నారు. ఒక అంకె మారిస్తే అయిపోయింది. "ఇదేదో బానే వుందే" అన్నారు గానీ ఆ ఆనందం అయిదు నిమిషాలే. అన్నయ్య ప్రేమగా బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, పొట్లం కట్టి, అవతల విప్పి వినిపించేసరికి వంద నుంచి రెండొందల మిల్లీసెకన్లు గాలిలో కలిసిపోతాయి. నలభై ఏళ్ళ కష్టం చెవి దగ్గరికొచ్చి బూడిదలో పోసినట్టే. "ఇదేంట్రా, నేను రి మీద వుంటే ఇది ఇంకా స దగ్గరే వుంది" అన్నారాయన. ఇంతకన్నా బాగా నేను ఏ డాక్యుమెంటులోనూ చదవలేదు. వైరున్నవి తెప్పించాం.

తర్వాతి చిక్కు ల్యాప్‌టాప్ కీబోర్డుది. హార్మోనియం మీద స ప నొక్కి పట్టుకుని పైన రాగం వాయించడం ఆయన అలవాటు. మూడో కీ నొక్కితే ఒక్కోసారి పలకదు. చవక కీబోర్డుల్లో ప్రతి కీకీ వేరే తీగ వుండదు, అడ్డవరసలూ నిలువువరసలూ వుంటాయి. కొన్ని మూడేసి కీలు కలిపి నొక్కితే నొక్కిందేదో దానికే తెలీక ఒకదాన్ని మింగేస్తుంది. ఉత్తరాలు కొట్టడానికి పుట్టిన పరికరాన్ని భజనకి కూర్చోబెడితే మరి అంతే. 49 మెట్ల యూఎస్‌బీ మిడి కీబోర్డు ఒకటి కొన్నాం. దానికి డ్రైవరు అక్కర్లేదు, 1999లోనే యూఎస్‌బీ మీద మిడి ఎలా పోవాలో రాసిపెట్టారు. ఐప్యాడుకి గుచ్చుతానన్నారు గానీ వద్దన్నాను. జనం ఆనవాళ్ళు పట్టేస్తారన్న భయంతో వెబ్ మిడిని సఫారీలో పెట్టబోమని యాపిల్ 2020లో చెప్పేసింది. వాళ్ళ భయం ఉత్తుత్తిది కాదు, కానీ దాని మూలంగా నష్టపోయేది మా పెదనాన్న లాంటివాళ్ళు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. ఎడమచేతికి పని లేక ఆయన కాసేపు ఇబ్బంది పడ్డారు, అలవాటయ్యింది. అప్పుడు అడిగారు అసలు మాట. "శనివారం సాయంత్రం ఏడింటికి భజన. ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర. నేనిక్కణ్ణుంచి వాయిస్తే వాళ్ళకి వినపడేట్టు చెయ్యి."

ఇది బఫరుతో తేలే లెక్క కాదు. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూజెర్సీకీ తెనాలికీ మధ్య సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగని గీత గీసినట్టు వేసినా ఒక వైపుకే 65 మిల్లీసెకన్లు, రానూపోనూ 130. నిజం తీగలు వంకర్లు తిరుగుతాయి, మధ్యలో రౌటర్లు, పైన వీడియో కాలు వాడి సొంత బఫర్లు. ఇందులో ఏ ఇంజనీరూ తగ్గించలేని వాటా భూమిది. అయినా ఆ శనివారం ప్రయత్నం చేశారు. హార్మోనియం శబ్దాన్ని వీడియో కాలు "ఫ్యాను చప్పుడు" అనుకుని నొక్కేసింది. ఆగకుండా సాగే శబ్దమంటే దానికి రొద. తంబురా శ్రుతి పెట్టుకుని ఆన్‌లైనులో పాఠం చెప్పే సంగీతం టీచర్లందరికీ ఈ బాధ తెలుసు. జూమ్‌లో సంగీతం కోసం వేరే మోడ్ వచ్చిందే 2020లో, లాక్‌డౌను గోల తర్వాత. అది పెట్టాక వినపడింది. వినపడ్డాక అసలు తమాషా మొదలు. చిడతల వాళ్ళు హార్మోనియం కోసం ఆగుతారు, ఈయన చిడతల కోసం ఆగుతారు. కీర్తన నడక తగ్గి తగ్గి మూడో చరణానికి జోలపాటైపోయింది.

స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్ బృందం సరిగ్గా ఇదే కొలిచింది. ఇద్దర్ని వేరువేరు గదుల్లో పెట్టి చప్పట్లు కొట్టించి, మధ్యలో ఆలస్యం పెంచుతూ పోతే నడక నెమ్మదిస్తుంది. మరీ తక్కువ ఆలస్యమైతే ఇద్దరూ పరిగెడతారట, అది ఇంకో విచిత్రం. ఆ పరిశోధనల్లోంచే జాక్‌ట్రిప్ అనే సాఫ్టువేరు వచ్చింది. జర్మనీలో 2006లో మొదలైన జామ్యులస్ కూడా ఈ కోవదే. 2020లో ఈ రెంటికీ ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఒక ఊళ్ళో, మంచి ఫైబరు వుంటే ఇవి భేషుగ్గా పనిచేస్తాయి. మహాసముద్రం అడ్డొస్తే ఇవీ చేతులెత్తేస్తాయి. విన్‌యాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ 2005లో నిన్‌జామ్‌లో వేరేగా ఆలోచించాడు. ఆలస్యం ఎలాగూ తప్పదు కాబట్టి దాన్ని తాళానికి సరిపోయేలా పెంచేశాడు. మీరు ఇప్పుడు వాయించేది అవతలివాడు పోయిన ఆవర్తనంలో వాయించినదానితో కలుస్తుంది. రామనామం లాంటి ఒకే వరసకి ఇది నప్పుతుంది. పల్లవి దాటి చరణంలోకి వెళ్ళే కీర్తనకి నప్పదు, ఒకడు చరణంలో వుంటే ఇంకొకడు పల్లవిలో వుంటాడు. దాని జోలికి పోలేదు.

దారి పెదనాన్నే కనిపెట్టారు. ఊళ్ళో ఆయన స్నేహితుడొకాయన వున్నారు, రాయబారంలో కృష్ణుడి వేషం కట్టిన మనిషి. ఇద్దరూ వీడియో కాల్లో పద్యాలు మొదలెట్టారు. పద్యానికి తాళం లేదు. ఆయన పాదం పాడి రాగం తీసి వదులుతాడు, ఈయన అందుకుని పెట్టె మీద ఆ రాగమే తిరిగి పలికిస్తారు, అది వినేదాకా ఆయన ఆగుతాడు. స్టేజీ మీద కూడా ఆ ఆగడం వుండేదే. మూడొందల మిల్లీసెకన్లు అందులో ఎక్కడ దాక్కున్నాయో కూడా తెలియలేదు. విదేశాల్లో మన పిల్లలు స్కైప్ రోజుల నుంచీ సంగీతం నేర్చుకున్నది కూడా ఇలాగే కదా, గురువుగారు ఒక సంగతి పాడతారు, పిల్ల తిరిగి పాడుతుంది. తాళం మాత్రం ఎవరిది వాళ్ళే వేసుకోవాలి.

ఆర్నెల్లయ్యాక పెదనాన్న తిరిగొచ్చారు. భజనలో పాత పెట్టెకే మళ్ళీ కూర్చున్నారు. మిడి కీబోర్డు న్యూజెర్సీలోనే వుండిపోయింది, ఇప్పుడది అన్నయ్య కూతురిది. ఆదివారం రాత్రి ఇక్కణ్ణుంచి పెదనాన్న ఒక వరస వాయిస్తే అక్కణ్ణుంచి ఆ పిల్ల తిరిగి వాయిస్తుంది. ప్రస్తుతానికి సరళీ స్వరాల దగ్గరున్నారు.